కలంకారీ గుడ్డ మీద శ్రమల కాలం

మా ఇంట్లో దేవుడి బొమ్మలంటే రెండే ఉండేవి. ఒకటి ముందు గదిలో క్యాలెండర్. తేనె రంగు జుట్టు, తెల్లటి ముఖం, పక్కకి తిరిగి ఎటో చూస్తున్న యేసు ప్రభువు. ఏడాది మారితే కింద నెలల కాగితం మారేది గానీ బొమ్మ అదే. రెండోది అమ్మమ్మ దగ్గరుండే బొమ్మల చుట్ట. పిక్చర్ రోల్ అనాలి, మేం మాత్రం బొమ్మల చుట్టే అనేవాళ్లం. పెద్ద పెద్ద రంగుల కాగితాలు, పైన ఒక కర్రకి బిగించి ఉండేవి, ఒకటి చూపించాక వెనక్కి తిప్పితే రెండోది వచ్చేది.

అమ్మమ్మ మిషన్‌లో బైబిల్ స్త్రీగా పనిచేసింది. ఆ చుట్ట చంకన పెట్టుకుని గుంటూరు జిల్లా పల్లెల్లో నడిచి తిరిగింది. వేపచెట్టు కొమ్మకో, ఎవరి పంచలోని గుంజకో తగిలించి, చేతిలో సన్నటి పుల్ల పట్టుకుని కథ చెప్పేది. నాకు ఊహ తెలిసేసరికి ఆ పని మానేసింది కానీ, వేసవి సెలవులకి వెళ్తే మనవలందర్నీ చాప మీద కూర్చోబెట్టి మళ్లీ మొదలుపెట్టేది. బొమ్మల్లో ఇళ్లు, బట్టలు, ముఖాలు అన్నీ పరాయి దేశానివే, ఆవిడ నోట్లోంచి వచ్చే కథ మాత్రం మా పల్లెదే. తప్పిపోయిన కుమారుడు పందుల దగ్గర తిన్నది మా పందులు తినే తవుడు. పస్కా పండుగకి యెరూషలేము వెళ్లే జనం కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లే జనం లాగే పిల్లల్ని భుజాన వేసుకుని నడిచేవాళ్లు. బావి దగ్గర యేసు ప్రభువు నీళ్లడిగిన సమరయ స్త్రీ మిట్టమధ్యాహ్నం ఒక్కతే అక్కడికి ఎందుకొచ్చింది అమ్మమ్మా అని నేనడిగితే, "మనకి తెలీదటే? అందరూ తోడుకుని పోయాకే కదా మనల్ని రానిచ్చేది" అంది. పుల్ల చివర ఉన్న బొమ్మలో ఆ స్త్రీ గులాబి రంగు గౌనులో, చక్కగా దువ్విన జుట్టుతో నిలబడి ఉంది. చెవిలో పడుతున్న కథ ఒకటి, కంటికి కనబడుతున్న బొమ్మ ఇంకొకటి. నేను బొమ్మలు గీయడం మొదలుపెట్టింది ఆ రెండింటినీ దగ్గరికి తేవాలనే. అప్పట్లో నాకు అది ఇలా మాటల్లో తెలియదు, పలక మీద సమరయ స్త్రీకి మా పెద్దమ్మ చీర కట్టు వేసి చూసుకునేదాన్ని, అంతే.

మాది లూథరన్ సంఘం. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన పనికి కొసన ఎక్కడో మా తాతల పల్లె ఉంది. గుడి లోపల తెల్ల సున్నం, బల్లపీట, చెక్క సిలువ, గోడ మీద నీలం రంగుతో రాసిన వాక్యం. ఆ గుడి అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. మా నాన్న మిషన్ బడిలో మాస్టారు, సంఘ పెద్ద కూడా. ఆదివారం కానుకలు లెక్కబెట్టేది, క్రిస్మస్‌కి వెదురుబద్దలతో పెద్ద నక్షత్రం కట్టించేది, కోత పండుగ వేలం పాట నడిపేది ఆయనే. కాబట్టి నేను చేసిన ప్రతి పనికీ ఆయన జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. అది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

డిగ్రీ అయ్యాక శ్రీకాళహస్తి వెళ్లి కలంకారీ, అంటే కలంతో గుడ్డ మీద బొమ్మలు వేసే పని, నేర్చుకుంటానన్నాను. 1990ల మొదట్లో సంగతి. అంతకుముందు ఒక ఎగ్జిబిషన్‌లో చూశాను ఆ గుడ్డని. మధ్యలో పెద్ద ఘట్టం, చుట్టూ వరసలు వరసలుగా చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడిలో కథలో ఒక్కో ముక్క, గళ్ల మధ్య తెలుగులో రాత. పూర్వం ఇలాంటి గుడ్డల్ని ఊరూరా పట్టుకెళ్లి, విప్పి, కథ చెప్పేవాళ్లని అక్కడున్నాయన చెప్పాడు. నాకు ఇంకేమీ వినిపించలేదు. అమ్మమ్మ కళ్లముందు నిలబడింది.

ఇంట్లో పెద్ద గొడవేమీ జరగలేదు, కానీ చాలా రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. అమ్మ భయం పెళ్లి గురించి. నాన్న భయం సంఘం గురించి. "అది గుళ్లలో దేవుళ్ల వెనక కట్టే గుడ్డమ్మా. మనం ఆ పనిలోకి ఎందుకు?" అన్నారు. ఊరు కూడా శైవ క్షేత్రం, ఆ కళ బతికిందే రామాయణ భారతాల మీద. నాకు సమాధానం చెప్పడం రాలేదు. అమ్మమ్మే, ఇంకా బతికుంది అప్పటికి, "కథ చెప్పే పనేగా నేర్చుకునేది, పోనివ్వండి" అంది. ఆవిడ మాట నాన్న ఎప్పుడూ కాదనలేదు.

అక్కడ 1950ల చివర్లో ఒక శిక్షణ కేంద్రం మొదలైంది. ఆరిపోతున్న కళని, చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ లాంటివాళ్లు పట్టుబట్టి నిలబెట్టారు. అందులో నేర్చుకున్నవాళ్ల పిల్లలు, శిష్యులు ఊళ్లో ఇళ్లలోనే పనిచేసేవారు. నన్ను చేర్చుకున్న గురువుగారు కూడా అలాంటివారే. నేను క్రైస్తవురాలినని ముందే చెప్పాను. ఆయన "చెయ్యి తిరగాలి, అంతేనమ్మా" అన్నారు. అందరిలాగే నేనూ హంసలు, తామరలు, కళ్లు, వేళ్లు, చివరికి రామాయణం గీశాను. సీతమ్మ చేతులు వేయడం రాకుండా మరియమ్మ చేతులు రావు. ఇది మా సంఘంలో చాలామందికి నచ్చని మాట, అయినా నిజం.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను ప్రార్థన నేర్చుకున్నది కూడా ఆ పనిలోనే అనిపిస్తుంది. గంజి గుడ్డ తెచ్చి, పేడ నీళ్లలో నానబెట్టి, ఉతికి ఎండేస్తే ముతకదనం పోయి తెలుపు తేలుతుంది. కరక్కాయ పొడి, పచ్చి గేదె పాలు కలిపి ఆ గుడ్డని ముంచి పిండి ఆరేస్తారు. పాలలోని జిడ్డు వల్ల రంగు పక్కకి పాకదు, కరక్కాయ వగరు వల్ల నలుపు పట్టుకుంటుంది. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో ముందు గీత. తర్వాత కసిమి. తుప్పు ఇనుము, బెల్లం, తాటిబెల్లం కుండలో నీళ్లు పోసి వారాల తరబడి మగ్గబెడితే పుల్లటి వాసనతో ఒక ద్రావకం తయారవుతుంది. వెదురు పుల్లకి దారం చుట్టి చేసిన కలాన్ని అందులో ముంచి, దారాన్ని వేళ్లతో మెల్లగా నొక్కుతూ గీయాలి. గీసినప్పుడు అది వెలిసినట్టు కనిపిస్తుంది, చూస్తుండగానే నల్లబడుతుంది. ఎరుపు ఇంకా విచిత్రం. ఎరుపు కావాల్సిన చోట రాసేది పటిక నీళ్లు, వాటికి రంగే ఉండదు. ఆరబెట్టి, పారే నీళ్లలో ఉతికి, మంజిష్ఠ లాంటి మొక్కల వేళ్లతో, చెక్కలతో ఉడకబెడితే అప్పుడు పటిక పడినచోట మాత్రం ఎరుపు పైకొస్తుంది. ఎక్కడ రాశామో, ఎంత రాశామో అప్పటిదాకా తెలియదు. స్వర్ణముఖిలో నీళ్లుంటే పని, లేకపోతే ఎదురుచూపు. నీలిమందు చివర్లో. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ.

కొన్ని నెలల తర్వాత గురువుగారితో నా కోరిక చెప్పాను, శ్రమల కాలం కథ, అంటే యేసు ప్రభువు సిలువ మీద చనిపోయేదాకా పడ్డ బాధల కథ, గీస్తానని. ఆయన కాసేపు ఆలోచించి, కథంతా చెప్పమన్నారు. నేను చెప్పాను, శిష్యుల కాళ్లు కడగడం నుంచి సమాధి దాకా. ఆయన వింటూ అడిగిన ప్రశ్నలు నా జీవితంలో ఏ ప్రసంగికుడూ అడగలేదు. కాళ్లు కడిగేటప్పుడు ఎవరి కాళ్లు ముందు? మిగతావాళ్లు ఎటు చూస్తున్నారు? పేతురు బొంకినప్పుడు మంట దగ్గర ఇంకా ఎవరున్నారు, ఆ పనిమనిషి చేతిలో ఏముంది? పిలాతు చేతులు కడుక్కుంటే నీళ్లు పోసిందెవరు? రాత్రి గదికి పోయి సువార్తలు నాలుగూ ముందు పెట్టుకుని వెతికాను. సండే స్కూల్లో కంఠతా పట్టిన కథ నాకు ఇంత తెలియదా అనిపించి ఏడుపొచ్చింది. పిలాతుకి నీళ్లు పోసినవాడు ఏ సువార్తలోనూ లేడు. నా గుడ్డ మీద మాత్రం ఉన్నాడు, ఇత్తడి చెంబు వంచుతూ, తల పక్కకి తిప్పుకుని.

రంగు దగ్గరే అసలు చిక్కొచ్చింది. కాళహస్తి పద్ధతిలో ఎవరికి ఏ రంగో ముందే తెలుసు. రాముడూ కృష్ణుడూ నీలం, స్త్రీలు పసుపు, రాక్షసులకి ఎరుపు. యేసు ప్రభువు ఏ రంగు? అంతకుముందు కాళహస్తి కళాకారులు క్రీస్తు కథని గుడ్డ మీదికి ఎక్కించకపోలేదు, కాబట్టి గురువుగారికి ఇది కొత్త ప్రశ్న కాదు. నీలం వేస్తే దేవుడని ఎవరికైనా తెలుస్తుందన్నారు. నాకు నీలం వద్దనిపించింది, క్యాలెండర్ తెలుపూ వద్దనిపించింది. యెషయా 53వ అధ్యాయం మనసులో తిరిగింది: "అతనికి సురూపమైనను సొగసైనను లేదు." చివరికి పటిక నీళ్లలో కొద్దిగా కసిమి కలిపి రాసి చూశాను. ఉడికాక ముదురు గోధుమ రంగు తేలింది. మిరప కోతల్లో ఎండకి కమిలిన మా బాబాయి వీపు రంగు. గురువుగారు గుడ్డని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసి, "ఇదే ఉంచు" అన్నారు.

ఇక మిగతాదంతా దారి దొరికినట్టు వచ్చింది. కాళ్లు కడిగే ఘట్టంలో ప్రభువు పంచె ఎగగట్టి, నడుముకి తువాలు చుట్టుకుని గొంతుకూర్చున్నాడు. ముళ్ల కిరీటం తుమ్మ ముళ్లది. పేతురు వెనక గోడ మీద మా పల్నాటి పందెం పుంజు మెడ సాచి ఉంది. సిలువ మోసిన కురేనీయుడైన సీమోను గుంటూరు మిర్చి యార్డు హమాలీ, తలకి గుడ్డ చుట్టుకుని, బస్తా ఎత్తేటప్పుడు వంగినట్టే వంగి ఉన్నాడు. అంచుకి తామరల బదులు పత్తికాయలు, మిరపకాయలు వేశాను.

గళ్ల మధ్య వాక్యాలు రాయాలి కదా. నాన్నకి ఉత్తరం రాశాను, ఏ ఘట్టానికి ఏ వాక్యం పెట్టాలో చెప్పమని. బొమ్మల గురించి ఆయన ఒక్క మాట అడగలేదు. వారం తిరక్కుండా కవరు వచ్చింది. తెల్ల కాగితాల మీద, బడిలో నల్లబల్ల మీద రాసే ఆ గుండ్రటి పెద్ద అక్షరాలతో, అన్ని వాక్యాలూ వరసగా రాసి పంపారు, అధ్యాయాలు వచనాలతో సహా. నేను ఆ కాగితాలు పక్కన పెట్టుకుని ఆయన రాతని ఉన్నదున్నట్టు కసిమితో గుడ్డ మీదికి దించాను. ఆయన గుణింతాల కొమ్ములు, ఆయన వట్రుసుడి అన్నీ.

గుడ్డ ఇంటికి తెచ్చాక జరిగింది చెప్పాలంటే కొంచెం కష్టమే. సంఘ కమిటీలో నిర్గమకాండం 20వ అధ్యాయం చదివారు, "దేని రూపమునయినను విగ్రహమునయినను నీవు చేసికొనకూడదు." ప్రభువుకి పంచె ఏమిటన్నారు. అన్యుల గుడ్డ గుళ్లోకి ఎలా వస్తుందన్నారు. ఒక పెద్దాయన నాతో విడిగా, కోపం లేకుండా చెప్పిన మాట మాత్రం నన్ను కదిలించింది. "అమ్మాయీ, మా తాత ఆ గుళ్ల గుమ్మం బయట నిలబడినవాడు. అవన్నీ వదిలిపెట్టి ఇక్కడికి వచ్చాం. నువ్వు వాటినే మళ్లీ తెచ్చి ముందు పెడితే మాకు ఎలా ఉంటుంది?" ఆయన గాయం నిజమైనది. నేను వాదించలేదు. కానీ నాకు తెలిసిన బైబిల్ కూడా అదే కదా. అదే నిర్గమకాండం 31వ అధ్యాయంలో దేవుడు బెసలేలుని పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపి, బంగారం, వెండి, ఇత్తడి, రాయి, చెక్క పనులు చేసే నేర్పు ఇచ్చాడు. మోషే ఇత్తడి సర్పం చేసింది దేవుడు చెప్పినందుకే. తరాల తర్వాత జనం దానికి ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు, అదీ సరైన పనే. ఈ రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. బొమ్మ వేసేవాళ్లు రెండింటినీ మనసులో పెట్టుకుని వేయాలని నేననుకుంటాను, నేను అలాగే వేశాను. దానికి ఎవరూ దండం పెట్టాలని కాదు. కథ వినాలని.

నాన్న కమిటీలో ఏమీ మాట్లాడలేదని తర్వాత తెలిసింది. వాక్యాల రాత ఎవరిదో అందరికీ తెలుసు, ఊళ్లో సగం మంది ఆ చేతి కింద అక్షరాలు దిద్దినవాళ్లే.

గుళ్లో వద్దన్నారు కాబట్టి గుడ్డ శ్రమల కాలం ఇంటి కూటాలకి వెళ్లింది. మొదట మా పెద్దమ్మ వాళ్ల పల్లెలో, తాటాకు పందిరి కింద, రెండు రాటల మధ్య తాడు కట్టి వేలాడదీశాం. పెట్రోమాక్స్ లైటు. అమ్మమ్మకి అప్పటికి నడక కష్టమైంది, కుర్చీలో తీసుకెళ్లాం. చేతికి పుల్ల ఇచ్చాను. ఆవిడ కూర్చునే మొదలుపెట్టింది, ఒక్కో గడి మీద పుల్ల ఆనిస్తూ, పాత గొంతుతోనే. మధ్యమధ్యలో ఆడవాళ్లు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి పాటలు ఎత్తుకున్నారు. సీమోను దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి ఒకామె లేచి ముందుకొచ్చింది. చదువు రాదు. కొడుకు యార్డులో బస్తాలు మోస్తాడు. సీమోను భుజం మీద వేలు పెట్టి "మా పెద్దోడు" అంది. అక్కడే కూర్చుండిపోయింది, కూటం అయ్యేదాకా కదల్లేదు.

అమ్మమ్మ ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు.

నా ముందు ఈ దారిలో ఎవరైనా నడిచారా అని వెతకడం ఆ రోజుల్లోనే మొదలైంది. మా మామయ్య తెలుగు పండితుడు, జాషువా పద్యాలు రాగం తీసి చదివేవాడు. వినుకొండలో పుట్టిన మా వైపు మనిషి, క్రైస్తవ ఇంటివాడు, 1941లో 'గబ్బిలం'లో కాశీ విశ్వనాథుడికి కబురు పంపించాడు, తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాసి దానికే 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. రెండు వైపులా మాటలు పడ్డ మనిషి. మామయ్య ఆ పద్యాలు చదువుతూ "నీకు ఇది బంధువుల ఇల్లే" అనేవాడు. ఆ తర్వాత మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు ఒకరు పి. సాల్మన్ రాజ్ గారి బొమ్మలున్న పుస్తకం చూపించారు. మన లూథరన్ పాస్టరే, విజయవాడలో సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమం నడిపారు, మైనం పెట్టి రంగు వేసే బాతిక్ బట్టల మీద, చెక్క అచ్చులతో సువార్తని గీసినవారు. 2019లో కన్నుమూశారు. నేను ఆయన్ని కలవలేకపోయాను, అది నాకు ఎప్పటికీ లోటే. ఆ పుస్తకం తిరగేస్తుంటే, మైనం పగుళ్లలోంచి రంగు దిగి చారలు చారలుగా పడిన ఆ బట్టల మీద పేదవాళ్లు, దిక్కులేనివాళ్లు. వేరే చేత్తో, వేరే రంగుతో, నేను వెతుకుతున్నదే. గోవాలో పుట్టిన ఆంజెలో డా ఫోన్సెకా శాంతినికేతన్‌లో నేర్చుకుని మరియమ్మకి చీర కట్టి గీస్తే సొంత ఊళ్లోనే ఒప్పుకోలేదు, పూణే వెళ్లి ఆశ్రమంలో ఉండి గీశాడు. ఇది చదివిన రోజు నాన్నకి చెప్పాను. నాన్న విని, "మనవాళ్లు నిన్ను ఊళ్లోంచి పంపించలేదుగా" అన్నారు. నిజమే. పంపించలేదు. అన్నం పెట్టారు, నా పెళ్లికి వంట చేశారు.

ఫోన్సెకా గురించి చెప్పిన ఏడే అనుకుంటా, నాన్నే నన్ను డోర్నకల్ తీసుకెళ్లారు. రైల్లో వెళ్తూ చాలాసార్లు కిటికీలోంచి చూసిన ఊరే, దిగడం అదే మొదలు. బిషప్ అజరయ్య కట్టించిన కెథీడ్రల్, 1939లో ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు, మినార్లు మసీదుని తలపిస్తాయి, లోపల రాతి స్తంభాలు గుడి మండపాన్ని. నాన్న ఒక స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డారు. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ కట్టించాడమ్మా ఇది, నీ పంచె గురించి వీళ్లకి నేను చెప్తాలే అన్నారు. వచ్చే కమిటీలో చెప్పారు కూడా. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మన పుస్తకంలో ఏ రాగాల్లో ఉన్నాయో చూడండి, పాటకి మన రాగం పనికొస్తే బొమ్మకి మన రంగు ఎందుకు పనికిరాదని అడిగారట. ఎవరూ ఒప్పుకోలేదు, ఎవరూ కాదనలేదు. ఆ గుడ్ ఫ్రైడేకి, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ధ్యానం జరిగేటప్పుడు గుడ్డని గుడి వరండాలో కట్టుకోమన్నారు. లోపల కాదు, వరండాలో. నాకు చాలింది. లోపల పట్టనివాళ్లు ఎప్పుడూ కూర్చునేది అక్కడే.

కొన్నేళ్లు అలా కట్టారు. తర్వాత ఇంకొక అయ్యగారు వచ్చి వద్దన్నారు, మడిచి బీరువాలో పెట్టారు. ఆ తర్వాత వచ్చినవారు మళ్లీ తీయించారు. ఇప్పుడు సండే స్కూల్ గదిలో ఉంది, పిల్లలు చేతులు పెడతారు, అక్కడక్కడ మాసింది. హైదరాబాద్‌లో ఒకరు మంచి ధర ఇస్తామన్నారు, ఇవ్వలేదు. ఇదే పనివాళ్ల చేత రామాయణం వేయించుకునే కొట్టువాళ్లు నన్ను చాలా ఏళ్లు, బైబిల్ గుడ్డలు ఎవరు కొంటారమ్మా అని పంపించేశారు. అది వేరే బాధ, దాని గురించి ఇంకెప్పుడైనా. నాన్న పోయాక అమ్మ ఒకసారి ఆ గదికి వెళ్లి గుడ్డ మీద వాక్యాలన్నీ మొదట్నుంచి చివరిదాకా పైకి చదివిందని టీచరమ్మ చెప్పింది.

ఇప్పుడు రూతు కథ మొదలుపెట్టాను. నయోమి, రూతు మోయాబు నుంచి తిరిగి వచ్చే దారి గీశాను, ఇద్దరు విధవరాళ్లు, ఒక మూట. పరిగె ఏరే చోట ఆగిపోయాను. బెత్లెహేములో అది యవల కోత. మా అమ్మమ్మ చిన్నప్పుడు పరిగె ఏరింది వరి చేలో, ఆ కథ నాకు చెప్పింది కూడా. చెయ్యి వరి వైపే పోతోంది. మీలో ఎవరి ఇంట్లోనైనా అమ్మమ్మలో నాయనమ్మలో బైబిల్ స్త్రీలుగా పనిచేసి ఉంటే, వాళ్లు రూతు కథ పల్లెల్లో ఎలా చెప్పేవారో గుర్తుంటే రాయండి. పాత బొమ్మల చుట్ట ఒక్క కాగితం మిగిలి ఉన్నా ఫోటో పంపండి. మా అమ్మమ్మది 1977 ఉప్పెనలో తడిసి పాడైపోయింది, అందులో రూతు ఎలా ఉండేదో నాకు గుర్తులేదు.